పళ్ళ గార, వెన్ను బిగువు: ఒక నీటి చరిత్ర

రోగాలలో తలుపు తన్నుకుని వచ్చేవి కొన్ని, పెరటి దారిన వచ్చి మూల కూర్చునేవి కొన్ని. కలరా మొదటి జాతిది. నిన్న తాగిన నీటికి నేడో రేపో ఫలితం కనబడుతుంది. కనుక కారణాన్ని వెదకడానికి మనిషి జ్ఞాపకం చాలు. దీర్ఘరోగాలు రెండవ జాతివి. వీటిలో కారణానికీ లక్షణానికీ మధ్య ఇరవై, ముప్పై ఏళ్ళ ఎడం ఉంటుంది. ఆ ఎడంలో బావులు పూడిపోతాయి, ఊళ్ళు మారతాయి, మనుషులు మరచిపోతారు. చివరకు లక్షణం ఒక్కటే మిగులుతుంది. దానికి వయసనో, వంశమనో, కర్మ అనో ఏదో ఒక పేరు పెట్టి సరిపుచ్చుకోవడం జరుగుతుంది.

ఈ ఎడాన్ని పూడ్చడానికి జరిగిన ప్రయత్నమే దీర్ఘరోగాల వైద్యచరిత్ర అని నాకు తోస్తుంది. అందుకు ఫ్లోరోసిస్ కథకు మించిన ఉదాహరణ లేదు. ఈ కథ అమెరికాలో పళ్ళ దగ్గర మొదలై, డెన్మార్కులో ఎముకల దగ్గర మలుపు తిరిగి, మన నెల్లూరు జిల్లా పల్లెలలో పూర్తి రూపం దాల్చింది. నల్లగొండ పేరు వినగానే ఈ రోగం గుర్తుకు వచ్చే మనకు, దాని గుట్టు బయటపడిన వరుస మాత్రం అంతగా తెలియదు. ఆ వరుసను చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వచ్చి వైద్యం మొదలుపెట్టాడు. అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ళ మీద వింత గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. ఎంత తోమినా పోని గార అది. పంటి పింగాణీలోనే కలిసిపోయి ఉంది. ఊరివారికి అది అలవాటైపోయిన సంగతి. వైద్యగ్రంథాలలో దాని ఊసు లేదు. మెకే పట్టు వదలక, ఆ కాలపు దంతవైద్యులలో అగ్రగణ్యుడైన జి.వి. బ్లాక్‌ను 1909లో రప్పించాడు. 1915లో బ్లాక్ మరణించేదాకా ఇద్దరూ కలిసి రెండు విషయాలు తేల్చారు. మచ్చలు పళ్ళు ఏర్పడే చిన్నతనంలోనే పడతాయి. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవారికి పడవు. ఆ పళ్ళు చూడ్డానికి వికారంగా ఉన్నా వాటికి పుచ్చు తక్కువ.

నీటి మీద మెకేకు అనుమానం ఉన్నది గాని ఆధారం లేదు. ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊళ్ళో ఆ ఆధారం చిక్కింది. అయిదు మైళ్ళ దూరంలోని ఒక వేడినీటి ఊట నుంచి గొట్టాలు వేయించుకున్న తరువాతనే పిల్లల పళ్ళకు మచ్చలు వచ్చాయని అక్కడి తల్లులు చెప్పారు. ఆయన సలహా మీద ఊరివారు ఆ ఊటను వదలి వేరొక ఊట నీరు తెచ్చుకున్నారు. కొన్నేళ్ళకు కొత్తగా వచ్చిన పిల్లల పళ్ళు తెల్లగా వచ్చాయి. నీటిలో ఉన్నదేమిటో తెలియకుండానే నివారణ జరిగిపోయింది! గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఇక్కడ మొదటి సాక్ష్యం ప్రయోగశాలది కాదు, తల్లుల జ్ఞాపకానిది.

ఆ పదార్థం పేరు 1931లో తెలిసింది. ఆర్కన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊళ్ళో కూడా ఇవే మచ్చలు కనబడ్డాయి. అది అల్యూమినియం కంపెనీ వారి ఊరు. అల్యూమినియం పాత్రలు విషమన్న ప్రచారం అప్పటికే జరుగుతున్నందున, నింద తమ మీదికి వస్తుందేమోనన్న భయంతో కంపెనీ ప్రధాన రసాయనికుడు చర్చిల్ అక్కడి నీటిని వర్ణపట పద్ధతిలో పరీక్షించాడు. ఎవరూ ఊహించని ఫ్లోరైడు అందులో బయటపడింది. అదే ఏడాది అరిజోనాలో స్మిత్ దంపతులు, లాంట్జ్ కలిసి ఎలుకల మీద ప్రయోగాలతోనూ, మొరాకోలో వెలూ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు తన పరిశోధనతోనూ ఇదే నిర్ణయానికి వచ్చారు. రెండు ఖండాలలో ఎవరి దారిన వారు ఒకే చోటికి చేరారన్నమాట.

ఇంతవరకూ ఇది పళ్ళ కథ. అందానికి సంబంధించిన చిక్కుగానే లోకం దీన్ని చూసింది. ఎముకల కథ కోపెన్‌హాగన్‌లో మొదలైంది. గ్రీన్‌లాండు నుంచి వచ్చే క్రయొలైట్ అనే ఖనిజాన్ని అక్కడి కర్మాగారంలో పొడి చేసేవారు. ఆ దుమ్ము పీల్చిన కార్మికుల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూద్దామని మోలర్, గుడ్‌యోన్సన్ అనే వైద్యులు ఎక్స్‌రేలు తీశారు. ఊపిరితిత్తుల కన్నా వాటి చుట్టూ ఉన్న ఎముకలు వారిని ఆశ్చర్యపరచాయి. పక్కటెముకలు, వెన్నెముక సున్నం కొట్టినట్లు తెల్లగా, చిక్కగా ఉన్నాయి. కీళ్ళను కట్టి ఉంచే నరాల వంటి కట్లు కూడా ఎముకగా మారుతున్నాయి. క్రయొలైట్‌లో ఉన్నది ఫ్లోరినే. 1932లో ఈ సంగతి ప్రకటితమైంది. ఆ తరువాత రోహోల్మ్ అనే డేనిష్ వైద్యుడు ఈ కార్మికులను క్షుణ్ణంగా పరిశీలించి 1937లో పెద్ద గ్రంథమే వెలువరించాడు.

అయితే ఇది కర్మాగారపు దుమ్ము వల్ల వచ్చిన వృత్తిరోగం. కొలరాడోలోది పిల్లల పళ్ళ గార. తాగే నీటిలోని ఫ్లోరైడే ఒక ఊరి జనాన్ని మొత్తంగా మంచాన పడవేయగలదన్న సంగతి ప్రపంచానికి విశదం కావడంలో మన తెలుగు పల్లెలది ప్రధాన పాత్ర.

అప్పటి మద్రాసు రాజధానిలో నెల్లూరు జిల్లా పడమటి తాలూకాలు మెట్ట ప్రాంతాలు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళాయి. తరువాత రెండేళ్ళకు దానికే ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. నడివయసు దాటకుండానే నడుము బిగుసుకుపోయి, మెడ తిరగక, కర్రలా వంగిపోయిన రైతులు ఆ పల్లెలలో ఉండేవారు. ముందుగా రైతులు ఆందోళనపడింది మాత్రం తమ గురించి కాదు, ఎద్దుల గురించి. కాడి మోయవలసిన ఎద్దు అడుగు వేయలేక నిలబడిపోతే సేద్యం ఆగిపోతుంది. 1930ల మధ్యలో మద్రాసు పశువైద్య నివేదికలలోనూ, నిజాం రాష్ట్రపు నివేదికలలోనూ పశువుల ఫ్లోరోసిస్ ప్రస్తావన కనబడుతుంది. మనిషి నడుము నొప్పికి లేని విలువ ఎద్దు కాలికి ఉండటం పేదరికపు లెక్కలలో వింత కాదు. నడుము నొప్పితో మనిషి ఎలాగో ఈడుస్తాడు, ఎద్దు ఈడ్వదు.

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ సంచాలకుడు హెచ్.ఇ. షార్ట్ ఈ రోగాన్ని పరిశోధించాడు. పదేళ్ళ తరువాత మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాగి ఉండే దశను కనుగొన్న ఇద్దరిలో ఒకరుగా ప్రసిద్ధికెక్కినది ఈయనే. వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బార్నార్డ్, మన్నాడి నాయర్ ఆయనతో చేరారు. మద్రాసులోని రేడియాలజీ సంస్థకు ఉన్న పేరు ఈ బార్నార్డ్‌దే. మద్రాసు రాజధానిలో స్థానికంగా వ్యాపించి ఉన్న ఫ్లోరోసిస్ గురించి ఈ నలుగురూ రాసిన వ్యాసం 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో వచ్చింది. నెల్లూరు జిల్లా గురించే షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన మరొక వ్యాసం అదే ఏడాది వెలువడింది. కోపెన్‌హాగన్‌లో రోహోల్మ్ గ్రంథం వచ్చినదీ, నెల్లూరు రైతుల వెన్నెముకలు వైద్యసాహిత్యంలోకి ఎక్కినదీ ఒకే సంవత్సరంలో.

వారు చేసిన గొప్ప పని, ఒకే ఊళ్ళో పిల్లల పళ్ళనూ పెద్దల వెన్నునూ పక్కపక్కన పెట్టి చూడటం. పిల్లలకు గార పళ్ళు, పెద్దలకు బిగిసిన నడుములు ఉన్నాయి. రెండిటినీ ఊరు వేర్వేరు సంగతులుగా భావించింది. నిజానికి అవి ఒకే నీరు రెండు వయసులలో పెట్టిన రెండు సంతకాలు. నేను మొదట చెప్పిన ఇరవై, ముప్పై ఏళ్ళ ఎడం ఒక వీధిలో, ఒక్కోసారి ఒక ఇంట్లోనే తాతా మనవల రూపంలో కనబడుతున్నది. ఆ ఇద్దరినీ కలిపి చదవడమే రోగనిర్ధారణ.

ఇక శరీరంలో జరిగేది చూద్దాం. ఎముకలో, పంటిలో ఉండే ఖనిజం కాల్షియం, ఫాస్ఫేటుల సమ్మేళనం. అందులోని హైడ్రాక్సిల్ అనే భాగం స్థానాన్ని ఫ్లోరైడు ఆక్రమించగలదు. అలా ఏర్పడిన ఖనిజం ఆమ్లానికి సులువుగా కరగదు. కొద్దిపాటి ఫ్లోరైడు పంటికి మేలు చేసేది అందుకే. మోతాదు మించితే పింగాణీ తయారీయే దెబ్బతింటుంది. పింగాణీ తయారీ చిన్నతనంలోనే, ముందరి పళ్ళకు సుమారు ఎనిమిదేళ్ళలోపునే, ముగుస్తుంది. కనుక పంటి మచ్చ మనిషి బాల్యంలో ఏ నీరు తాగాడో చెప్పే శాశ్వత శాసనం వంటిది. ఊరు మారినా, నీరు మారినా చెరగదు.

ఎముక సంగతి వేరు. అది జీవితాంతం కరుగుతూ, కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. పెద్దవారిలో ఒంటబట్టిన ఫ్లోరైడులో సుమారు సగం మూత్రంతో పోతుంది. మిగిలినది దాదాపు అంతా ఎముకలలో చేరుతుంది. చేరినది బయటికి రావడానికి ఏళ్ళు పడుతుంది. అందువల్ల ఏటికేడు పోగవుతుంది. ఎముక కట్టే కణాలను అది రెచ్చగొడుతుంది. ఎముక చిక్కబడుతుంది, అడ్డదిడ్డంగా పెరుగుతుంది, కట్లు గట్టిపడతాయి. మొదట ఒళ్ళంతా తిమ్మిర్లు, నడుము పట్టివేత. తరువాత వెన్నంతా బిగిసి ఒకే కర్ర అవుతుంది. పక్కటెముకలు బిగిస్తే రొమ్ము విచ్చుకోదు. శ్వాస పొట్టతో తీయవలసి వస్తుంది. వెన్నుపూసల మధ్య కాలువ ఇరుకై వెన్నుపామును నొక్కితే కాళ్ళు చచ్చుబడతాయి. ఈ చివరి దశను పటియాలా వైద్యులు సింగ్, జాలీలు పంజాబు రోగులలో పరిశీలించి 1960లలో వివరించారు.

తొలి దశలో ఈ లక్షణాలలో ఒక్కటీ ప్రత్యేకమైనది కాదు. నడుము నొప్పి ఎవరికి లేదు? అందుకే కీళ్ళవాతమనో, వెన్నుక్షయ అనో, పొలం పనుల అలసట అనో పొరబడటం తేలిక. నిర్ధారణకు మూడు నాలుగు సాక్ష్యాలు కలవాలి. రోగి వంగి కాలివేళ్ళు తాకగలడా, గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలడా, చేతులు తల వెనుక కట్టుకోగలడా అన్నవి ఖర్చులేని పరీక్షలు. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పలుచని పొర ఎముకగా మారి ఎక్స్‌రేలో ముళ్ళకంచెలా కనబడటం బలమైన ఆధారం. మూత్రంలో, తాగే నీటిలో ఫ్లోరైడు కొలవాలి. 1966లో ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రజ్ఞులు ఫ్లోరైడును మాత్రమే గుర్తించే ఎలక్ట్రోడును ప్రకటించడంతో ఈ కొలత సులువైంది. వీటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. అది ఏ యంత్రమూ అడగదు: ‘నీవు ఏ బావి నీళ్ళు తాగి పెరిగావు?’

మరి మన నేలకే ఈ శాపం ఎందుకు? దక్కను పీఠభూమి కింద ఉన్నది పురాతన గ్రానైటు, నైస్ శిలలు. వాటిలోని అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి పగుళ్ళలో నీరు చాలాకాలం నిలుస్తుంది. నీటిలో కాల్షియం ఉంటే ఫ్లోరైడుతో కలిసి అడుగున పేరుకుంటుంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడు నిలకడగా ఉండిపోతుంది.

ఇక్కడ ఒక విషాదం ఉన్నది. మన పల్లెలలో మంచినీటికి రెండు పరీక్షలున్నాయి: నాలుకకు తియ్యగా ఉండాలి, పప్పు త్వరగా ఉడకాలి. ఫ్లోరైడుకు ఆ మోతాదులలో రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. ఇక పప్పు ఉడకనివ్వనిది కాల్షియం వంటి లవణాల కాఠిన్యమే. అది లేని నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుంది. అంటే తరతరాల అనుభవంతో ఊరు ‘మంచినీళ్ళ బావి’ అని ఎంచుకున్నదే ఒక్కోచోట రోగకారణం కావచ్చు. అనుభవం అబద్ధం చెప్పలేదు. ముప్పై ఏళ్ళ తరువాత జరిగేదాన్ని పట్టే శక్తి దానికి లేదు, అంతే.

మోతాదు లెక్క కూడా మన ఎండను బట్టి మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, భారత ప్రమాణం 1.0 దాటరాదని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చునని అంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని చల్లని దేశంలో రోజుకు రెండు లీటర్లు తాగేవాని ఒంట్లోకి 6 మిల్లీగ్రాములు పోతుంది. ఏప్రిల్ ఎండలో పొలం పని చేస్తూ ఆరు లీటర్లు తాగే కూలీకి అదే నీటితో 18 అందుతుంది. నీరు ఒక్కటే అయినా విషం మూడింతలు. తిండి సంగతీ ఉన్నది. పోషకాహారం, ముఖ్యంగా సి విటమిన్, తక్కువైన చోట రోగం తీవ్రమవుతున్నదని పండిట్, రాఘవాచారి బృందం 1940లోనే సూచించింది. నీరు ఊరందరికీ ఒకటే కావచ్చు; రోగం మాత్రం పేదవాడి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటుంది.

నల్లగొండ జిల్లా రోగులను గురించి సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్‌లో ఒక కొత్త రూపాన్ని వర్ణించారు. మోకాళ్ళు లోపలికి ఒరుసుకుంటూ పాదాలు దూరదూరంగా పడే వంకర అది. ముసలివారికి కాదు, ఎదిగే వయసు పిల్లలకు. నాగార్జునసాగర్ జలాశయం వచ్చాక చుట్టుపక్కల భూగర్భజలం పైకి లేచి, నేలలోనూ జొన్నలోనూ సూక్ష్మ లోహాల పాళ్ళు మారడం ఇందుకు తోడ్పడిందేమోనన్న ఊహను ఆ పరిశోధకులు ముందుంచారు. పంటకు నీరు తెచ్చిన ఆనకట్ట, ఆ పక్క పల్లెకు మంచినీరు తేలేదన్నది మాత్రం ఊహ కాదు.

మరొక వైపు ప్రభుత్వాలు బోర్లు వేశాయి. దిగుడుబావుల నుంచి నారికురుపు, చెరువుల నుంచి కలరా వచ్చే కాలంలో బోరింగు నీరు నిజంగానే రక్షణ. క్రిములు లేని నీరు అది. కాని లోతుకు పోయినకొద్దీ రాతితో ఎక్కువ కాలం సహవాసం చేసిన నీరు పైకి వచ్చింది. తలుపు తన్నే రోగాన్ని ఆపబోయి, పెరటి దారిన వచ్చే రోగానికి తెలియకుండా దారి ఇచ్చినట్లయింది.

1970లలో నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చి, వడకట్టి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు స్థిరపడి, ఆఫ్రికా దేశాల దాకా పోయింది. తన బాధ పేరును చికిత్సకు ఇచ్చిన జిల్లా బహుశా ఇదొక్కటే కాబోలు. అయితే రోజూ పటిక కొలిచి, మడ్డి ఎత్తిపోసే ఓపిక, ఖర్చు ఎన్ని పల్లెలకు సాధ్యం? శాశ్వత పరిష్కారం నది నీరే అని ప్రజలు గ్రహించారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో, జలసాధన సమితి ఉద్యమ ఫలితంగా, నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది; ఎన్నిక వాయిదా పడింది. గెలవడానికి కాదు, వినిపించడానికి వేసిన నామినేషన్లు అవి. ఆ ఏడాదే దేశమంతటా ధరావతు సొమ్మును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.

తరువాతి కాలంలో కృష్ణా జలాలు అంచెలంచెలుగా వచ్చాయి. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమపు తొలి జిల్లాలలో నెల్లూరు ఒకటి. తెలంగాణ ప్రభుత్వం 2016లో మిషన్ భగీరథను ప్రారంభించింది. ఆ రాష్ట్రంలో ఫ్లోరైడు పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరిందని 2020లో కేంద్ర గణాంకాలు చెప్పాయి. సంతోషమే. అయితే 1937కూ 2020కీ మధ్య 83 ఏళ్ళు. కారణం తెలిసిన తరువాత గడచిన కాలం ఇది. తెలియని కాలం కాదు.

ఆవాసాల సంఖ్య సున్నా కావచ్చు గాని, బిగిసిన వెన్నుల సంఖ్య ఒక్కరోజులో సున్నా కాదు. ఏర్పడిన వంకరను పూర్తిగా సరిచేసే మందు లేదు. నీరు మారితే రోగం ముదరడం ఆగుతుంది. ఎముకలోని ఫ్లోరైడు ఏళ్ళ మీద కొంత తగ్గుతుంది. అందుచేత పాత బోరును పొలంలో ఉన్నదని, దాహం వేస్తున్నదని వాడుకోవడం మానాలి. ఇంటికి నల్లా వచ్చినా కూలీ రోజంతా ఉండేది చేనులోనే. పిల్లల పళ్ళను చూడాలి. అవి ఊరికి ముందుగా వచ్చే హెచ్చరిక. అక్కడ మచ్చ కనబడితే పేస్టు మార్చడం కాదు, నీటిని పరీక్షకు పంపడం చేయాలి.

ఓక్లీ తల్లులు తమ పిల్లల పళ్ళకూ కొత్త గొట్టాలకూ ముడివేసి చెప్పినప్పుడు, వినే వైద్యుడు ఒకడు ఉన్నాడు. కొన్నేళ్ళలో నీరు మారింది. మన దగ్గర వైద్యులూ చెప్పారు, పత్రికలలోనూ వచ్చింది, చివరకు 480 మంది నామినేషన్ వేసి మరీ చెప్పారు. దీర్ఘరోగాలలో కారణానికీ లక్షణానికీ ఉన్న ఎడాన్ని శాస్త్రం పూడ్చగలదు. నిర్ధారణకూ నివారణకూ మధ్య ఉన్న రెండవ ఎడం ఆస్పత్రిలో పూడేది కాదు.

మీ మీ ఊళ్ళలో పెద్దలు ఏ బావి నీటిని మంచిదనేవారో, ఏ బావిని వదిలేశారో, ఎందుకు వదిలేశారో తెలిసిన మిత్రులు రాయగలరు. ఆ జ్ఞాపకాలు పుస్తకాలలో దొరికేవి కావు.